ఉభయకుశలోపరి, చిక్కుడు పాదు

పూర్వం ప్రతి ఇంట్లోనూ ఉత్తరాల తీగ ఒకటి ఉండేది, మీకు జ్ఞాపకముందా? వసారాలో మేకుకు వేలాడుతూ ఉండేది. అడుగున గుండ్రటి చెక్క ముక్క, పైన కొక్కెంలా వంచిన కొన. వచ్చిన ఉత్తరం చదవటం, తీగకు గుచ్చటం. శుభలేఖైనా, శిస్తు కట్టమన్న నోటీసైనా, అల్లుడిగారి అలకైనా అన్నీ ఆ ఒక్క తీగకే.

మా అమ్మమ్మ పుట్టింట్లో ఉన్న తీగ మాత్రం కాస్త వేరు. ఖమ్మానికి దగ్గర్లో, మున్నేటి ఒడ్డున ఉన్న పల్లె అది. అక్కడ మా తాతమ్మ, అంటే అమ్మమ్మ వాళ్ళమ్మ, ఇరవై ఏళ్ళపాటు గుచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒక్క చేతివ్రాతే. భద్రాచలం నుంచి మా అమ్మమ్మ వ్రాసినవి. తాతమ్మకు అక్షరం ముక్క రాదు. తాతయ్యకు సంతకం వరకే వచ్చు. అయినా ఒక్క కార్డు కూడా పారెయ్యలేదు.

ఆవిడ పోయాక ఆ తీగ మా ఇంటికి వచ్చింది. తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటే చదివాను. "గేదె ఈనింది, పెయ్యదూడ." "బీర పాదు ఎండకు మాడింది." "మొన్న పర్ణశాల వెళ్ళి వచ్చాము, బండి ఇరుసు విరిగింది." అన్నీ ఇవే! మొదట కాస్త నిరుత్సాహపడ్డానని చెప్పక తప్పదు. తర్వాత ఉత్తరాల మీద తేదీలు, చిరునామాలు చూస్తూ వరసగా పేర్చుకున్నాను. అప్పుడు తెలిసింది, నా ఒళ్ళో ఉన్నది ఒక సరిహద్దు చరిత్ర అని.

అమ్మమ్మ పెళ్ళి 1946లో అయింది. ఆమెకు పదిహేనేళ్ళు. పెళ్ళికొడుకు భద్రాచలంలో బడిపంతులు. ఇప్పుడు ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు నూట ఇరవై కిలోమీటర్లు, బస్సెక్కితే మూడు గంటలు. కాని అప్పుడు పిల్లను దేశం దాటించినట్టే. ఇది మాట వరసకు అంటున్నది కాదు. ఖమ్మం నిజాంగారి రాజ్యంలో ఉండేది. భద్రాచలం బ్రిటిషువారి ఏలుబడిలో, మద్రాసు రాజధాని కింద, తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. మధ్యలో గోదారి.

అసలు భద్రాచలం కథే చిత్రమైనది. అది కూడా ఒకప్పుడు నిజాందే. 1860లో బ్రిటిషువారికి దక్కింది. మొదట్లో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపి, సిరొంచ కేంద్రంగా పాలించారు. 1874లో మద్రాసుకు మార్చి గోదావరి జిల్లాలో చేర్చారు. రాముడు గుట్ట మీద కదలకుండానే ఉన్నాడు, కింద ఊరు మాత్రం చేతులు మారుతూ వచ్చింది.

దీనివల్ల ఆడపిల్లకూ తల్లికీ వచ్చిన చిక్కు ఏమిటంటారా? నిజాం రాజ్యానికి టపా వేరు. 1869 నుంచీ వారికి సొంత బిళ్ళలుండేవి. చార్మినారు బొమ్మ ఉన్న అణా బిళ్ళ చాలామంది ఇళ్ళల్లో పాత పెట్టెల అడుగున ఇప్పటికీ దొరుకుతుంది. ఆ బిళ్ళ రాజ్యం లోపలే చెల్లేది. నాణెం కూడా వేరు. ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కల్దారు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. తాతమ్మ కూతురికి పండక్కి అయిదు రూపాయలు పంపాలంటే ముందు లెక్క వేయించుకోవాలి. అవతలి ఒడ్డుకు చేరేసరికి అది తరిగిపోతుందని ఆవిడ దిగులు. "గోదాట్లో పడవ మునక్కపోయినా డబ్బు మునుగుతది" అనేదట.

అందుకని చాలా కబుర్లు మనుషుల చేతుల మీదే నడిచేవి. శ్రీరామనవమికి వెళ్ళే యాత్రికులు, అడ్డాకుల వ్యాపారులు, వెదురు బండ్ల వాళ్ళు. వాళ్ళలో ఎవరు దొరికితే వారి చేతికి ఓ చీటీ, ఓ మూట. ఆ మూటలో విత్తనాలుండేవి. తీగ చిక్కుడు, సొర, బెండ. తాతమ్మ వ్రాయలేదు కనుక విత్తనాలు పంపేది. అమ్మమ్మ అవి నాటి, మొలిచిందీ లేనిదీ జవాబు వ్రాసేది. ఆ ఉత్తరాలనిండా తోట కబుర్లే ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతోంది కదా?

ఒక తమాషా చెబుతాను. 1949 ప్రాంతంలో వ్రాసిన ఓ కార్డులో "ఆనపకాయ బాగా కాసింది" అని ఉంది. పల్లెలో చదివి పెట్టినాయన ఆగిపోయాడట, ఆనపకాయ అంటే ఏమిటమ్మా అని. తాతమ్మ పంపింది సొర విత్తనం. గోదారి దాటి, రాజమండ్రి వైపు నుంచి వచ్చిన ఉద్యోగుల భార్యల మధ్య మొలిచి, అది ఆనపకాయ అయి కూర్చుంది! "కాయ నాదే, పేరే వాళ్ళది" అని తాతమ్మ నవ్విందట. నవ్విందే కాని ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని మా పెద్దమామయ్య చెప్పేవాడు. బిడ్డ మాట మారుతోందని.

తీగ మీద ఒకచోట పెద్ద ఖాళీ. 1947 చివరి నుంచి 1948 చివరిదాకా ఒక్క ఉత్తరం కూడా లేదు. ఆ ఏడాది సంగతి ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఒకవైపు రజాకార్లు, మరోవైపు సాయుధ పోరాటం. సరిహద్దు పల్లెల నుంచి ఎందరో పిల్లాపాపలతో యూనియన్ వైపు తరలిపోయారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ ఏడాదంతా తల్లికి కూతురి జాడ లేదు, కూతురికి తల్లి ఉన్నదో లేదో తెలియదు.

తర్వాత వచ్చిన మొదటి కార్డులో ఏముందనుకుంటున్నారు? ఎంత ఏడ్చిందో, ఎంత భయపడిందో ఒక్క ముక్క లేదు. "ఉభయకుశలోపరి. గుమ్మడి పాదు కప్పుమీదికెక్కింది. పదకొండు కాయలు. ఒకటి నీకని ఉంచాను." అంతే!

ఇదేమి మనసమ్మా అనిపించింది నాకు. అమ్మమ్మ బతికుండగా అడిగేశాను కూడా. ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "కార్డు ముక్కమీద ఏడుస్తారటే?" అంది.

నిజమే. పోస్టుకార్డు మన దేశంలో 1879 జూలై 1న పుట్టింది. వెల పావు అణా. పేదవారికి అంతకంటె ఉపకారం లేదు. కాని దానికి తలుపు లేదు. టపా మనిషి చదువుతాడు, దారిలో ఎవరి చేతికిస్తే వాళ్ళు చదువుతారు. తాతమ్మ ఊళ్ళో అయితే మరీను. టపా మనిషే అరుగుమీద కూర్చుని పైకి చదివేవాడు. ఇరుగుపొరుగు చేరేవారు. మొదటి మూడు లైన్లు "మహారాజశ్రీ నాన్నగారికి" నమస్కారాలు. మిగతా అంతా అమ్మకు. చోటు చాలక అంచులవెంట, చిరునామా పక్కన చీమలబారులా వ్రాత. కూతురి కాపురం సంగతి ఊరంతా వింటుంటే తల్లి ఏమడుగుతుంది, కూతురేం చెబుతుంది?

1950లో రెండు మంచి పనులు జరిగాయి. నిజాం టపా పోయి భారత టపాలో కలిసిపోయింది. ఆ ఏడే అక్టోబరు 2న ఇన్‌లాండు కవరు వచ్చింది. నీలం కాగితం, మడతపెట్టి అంటించుకోవచ్చు. గుట్టు గుట్టుగా ఉంటుంది. కాని ఆ గుట్టు చదువొచ్చిన తల్లికే కదండీ! తాతమ్మకు ఇన్‌లాండు వచ్చినా విప్పేది టపా మనిషే, చదివేదీ ఆయనే.

అందుకే చిక్కుడు పాదు.

1952 వానాకాలం చివర్లో ఒక ఉత్తరం. "అమ్మా, చిక్కుడుకు పేనుబంక పట్టింది. పూత నిలవడంలేదు. రెండో మాటు." అరుగుమీద విన్నవాళ్ళందరూ తలో సలహా చెప్పారట, బూడిద చల్లమని ఒకరు, పొగాకు నీళ్ళు కొట్టమని ఒకరు. తాతమ్మ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి మూట కట్టుకుంది. "బూడిద చల్లమని నేర్పింది నేనే. ఆ మాత్రం తెలియని పిల్లా? ఇది చిక్కుడు సంగతి కాదు" అంది తాతయ్యతో.

ఒంటరిగా ఎన్నడూ ఊరు దాటని మనిషి. ఖమ్మంలో రైలెక్కింది. డోర్నకల్లులో దిగి బండి మారింది. కారేపల్లి మీదుగా భద్రాచలం రోడ్డు స్టేషనులో దిగింది. పేరు చూసి మోసపోయేరు, ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో! అక్కణ్ణుంచి భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్ల దారి, దట్టమైన అడవి. బస్సు దొరికినంత మేర బస్సు, తర్వాత ఎడ్లబండి. సారపాక దగ్గర గోదారి రేవు. వంతెన లేదు. నిండు గోదావరిలో పడవ. మూడోనాడు సాయంత్రానికి కూతురి గుమ్మంలో నిలబడింది.

రెండోసారి కడుపు పోయి అమ్మమ్మ మంచంలో ఉంది. అత్తింటివారు చెడ్డవారు కారు, కాని గొడ్రాలన్న మాట ఇంట్లో అప్పుడే పుట్టింది. తాతమ్మ నెలరోజులుండి పిల్లకు పథ్యం పెట్టి, పెరట్లో కొత్త పాదు నాటి వచ్చింది. మరుసటి ఏడాది మా అమ్మ పుట్టింది. ఆ కార్డులో అమ్మమ్మ వ్రాసిన మాట, "చిక్కుడు కాసింది, ఆడకాయ." టపా మనిషికి అప్పటికి విషయం తెలిసిపోయింది కాబోలు, పసుపు తెమ్మని ఆయనే అడిగాడట.

ఈ సీమకు ఇది కొత్త కాదేమో అనిపిస్తుంది నాకు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి భద్రాద్రి గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ చెరసాల పాలయ్యాడు. అక్కడినుంచి ఆయన రాముడితో పోట్లాడుతూ పాడినవి అందరికీ తెలుసు. కాని గోడు ఎంతకీ చెవిని పడకపోతే ఎవరితో చెప్పుకున్నాడు? సీతమ్మతో. నువ్వైనా సమయం చూసి ఓ మాట వెయ్యి తల్లీ అని. దూరాన ఉన్న అమ్మకు కబురు పెట్టుకోవటంలో ఖమ్మం మెట్టు నుంచి బయల్దేరిన మొదటివాడు ఆయనే అనుకుంటే తప్పేముంది?

మళ్ళీ చిరునామాల దగ్గరకు వద్దాం. అమ్మమ్మ ఇల్లు ఒక్క గజం జరగలేదు. కాని ఉత్తరంమీద పైన వ్రాసే ఊరి వివరం చూడండి. 1953 దాకా మద్రాసు రాష్ట్రం. 1953 అక్టోబరు 1 నుంచి ఆంధ్ర రాష్ట్రం. చిత్రమేమిటంటే సరిగ్గా ఆ రోజే వరంగల్లు నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా పుట్టింది. తల్లి చిరునామా, కూతురి చిరునామా ఒకేరోజున మారాయి! 1956లో ఇద్దరిదీ ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. పెళ్ళైన పదమూడేళ్ళకు అమ్మమ్మ పుట్టింటి జిల్లాలోకి వచ్చింది, ఇల్లు కదలకుండానే. ఆ నెల ఉత్తరంలో ఆ సంగతి ఒక్క లైను. "మనం ఒకటే జిల్లా అయ్యామట. కాకర విత్తనం పంపు."

1965లో గోదారిమీద వంతెన తెరిచారు. రాష్ట్రపతి రాధాకృష్ణన్‌గారు వచ్చారు. ఊరంతా పండగ. అమ్మమ్మకు అది వేరే పండగ. ఆ ఏడు తాతమ్మ బస్సు దిగి వంతెనమీద కొంతదూరం నడిచి వచ్చిందట, కింద గోదారిని చూసుకుంటూ. "ఇంత చిన్న ఏరా మనల్ని ఇన్నేళ్ళు ఏడిపించింది?" అందట.

చిన్న ఏరు కాదు. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు పెరిగింది. అక్కడ నలభైమూడు అడుగులకే మొదటి హెచ్చరిక, యాభైమూడుకు మూడోది. ఇక ఊహించుకోండి. అమ్మమ్మ ఇల్లు పల్లపు వీథిలో. మనుషులు గుట్టవైపు చేరి బతికారు. మూడునాళ్ళ తర్వాత వచ్చి చూస్తే ట్రంకు పెట్టెనిండా బురద. అందులో తాతమ్మ పంపిన జవాబులున్నాయి. ఆవిడ చెబుతుంటే టపా మనిషి, కరణంగారబ్బాయి, ఎవరు దొరికితే వారు వ్రాసిపెట్టినవి. ఒక్కటీ మిగల్లేదు.

అందుకని నాదగ్గర ఉన్నది సగం సంభాషణే. కూతురి మాట ఉంది, తల్లి మాట లేదు. ఆలోచిస్తే వరద రాకపోయినా ఆవిడ మాట ఎక్కడుంది? అడగాలనుకున్నది అడగలేదు, చెప్పింది వ్రాసినవాడి భాషలోకి మారిపోయింది. "బిడ్డా, ఏడవకు" అని ఆవిడ అంటే, ఆ వ్రాసేవాడు "ధైర్యముగా నుండగలవు" అని వ్రాసేవాడట. అమ్మమ్మ అది చదివి ముందు నవ్వి, తర్వాత ఏడ్చేది.

మున్నేరు ఖమ్మం దాటి కిందికి వెళితే పెనుగంచిప్రోలు వస్తుంది. మన తెలుగులో తొలి కథలు వ్రాసిన బండారు అచ్చమాంబగారు పుట్టిన ఊరు. ఆవిడ 1902లో "స్త్రీ విద్య" అన్న కథలో, దూరమైనప్పుడు ఉత్తరాలు వ్రాసుకోవటానికైనా ఆడదానికి చదువు కావాలన్న వాదం పెట్టారు. అదే నీరు తాగిన మా తాతమ్మకు అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ చదువు అందలేదు. 1961 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో అక్షరాలు వచ్చినవారు నూటికి పన్నెండుమందే. అమ్మమ్మ ఆ పన్నెండుమందిలో పడిందంటే, 1934లో ఖమ్మంలో జరిగిన ఆంధ్ర మహాసభ చూసివచ్చిన మేనమామ పుణ్యం. ఆడపిల్లకు చదువు చెప్పించకపోతే ఇంటికి రానని పట్టుబట్టి వీథి బడిలో వేయించాడట.

ఉత్తరాల కాలం ఎంత బాగుండేదో అని ఈమధ్య అందరూ నిట్టూరుస్తున్నారు. నేనూ అంటాను. కాని తాతమ్మను తలుచుకుంటే ఆ నిట్టూర్పు సగంలో ఆగిపోతుంది. మా పనిమనిషి తల్లి చింతూరు వైపు పల్లెలో ఉంటుంది. ఆవిడకూ చదువు రాదు. కూతురు రోజూ సెల్‌ఫోనులో మాటను రికార్డు చేసి పంపుతుంది, తల్లి కూడా అలాగే జవాబిస్తుంది. మధ్యలో టపా మనిషి లేడు, అరుగుమీద ఊరు లేదు. "బిడ్డా, ఏడవకు" అంటే "బిడ్డా, ఏడవకు" అనే వినిపిస్తుంది. తాతమ్మకు ఈ ఒక్క సౌకర్యం ఉండి ఉంటే చిక్కుడు పాదును అడ్డం పెట్టుకోవలసిన అగత్యం ఉండేది కాదు.

మరి నష్టమేమీ లేదా? ఉంది. నెల తిరిగేసరికి ఫోనులో చోటు లేదని ఆ మాటలు తుడిచేస్తాం. మా అమ్మాయి దూరదేశంలో ఉంది. రోజూ ఏదో ఒకటి చెబుతుంది. టమాటా మొక్క పూసిందనీ, బస్సు తప్పిపోయిందనీ. "ఏముందమ్మా, అన్నీ పిచ్చి కబుర్లే" అంటుంది. నేనిప్పుడు ఓ నోటుపుస్తకం పెట్టుకున్నాను. తేదీ వేసి రెండు లైన్లు వ్రాసుకుంటాను. మొక్కకు తెగులని అది చెప్పినరోజున కాస్త గట్టిగానే చెవి పెడతాను.

2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. చుట్టుపక్కల పల్లెలు, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాకతో సహా, పోలవరం కారణంగా ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016లో పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి మారింది. ఎటపాక 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. మా పిన్ని ఇల్లు ఎటపాకలో, పిన్ని కూతురి ఇల్లు భద్రాచలంలో. నడిచి వెళ్ళేంత దూరం. ఇప్పుడది మళ్ళీ రాష్ట్రం దాటటమే.

2022 జూలైలో గోదారి 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఆ తల్లీకూతుళ్ళు నాలుగురోజులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. నీరు తీసిన తర్వాత నేను పిన్నికి ఫోను చేశాను. ఇంట్లో ఏం పోయిందో, ఏం మిగిలిందో అడుగుదామని. ఆవిడ ముందు చెప్పిన మాట ఇది.

"పెరడంతా ఒండ్రు పట్టిందే. చిక్కుడు విత్తనం ఉంటే పంపు."